తడిసి పాడైనవి పన్నెండు

సలాలాల, రైసూత్ రోడ్డు మీద మా క్లినిక్.
నా పని సీసాలిచ్చుడు, సీసాలు తీసుకునుడు.
మూత మీద పేరు, పేరు కింద టైము.
పదికి ముందు వద్దు, రెండు దాటినంక వద్దు,
మిట్టమధ్యాన్నం పోసిందే కావాలె.

"ఒంటికి పోవుటానికి గూడ ముహూర్తమా?" అని
మోర్తాడు పోచన్న నవ్విండు.
ఉన్నది పోచన్నా.
పొద్దు నెత్తికెక్కితేనే ఆ పురుగు గుడ్లు కిందికి దిగుతయి.
పో, మెట్లు రెండుసార్లు ఎక్కి దిగి రా,
అప్పుడు పొయ్యి. ఆఖరి చుక్క దాక పొయ్యి.

నా చిన్నతనంల మా ఊరి కథ దీనికి తలకిందులు.
బోదకాలోళ్ల నెత్తురు పగలు తీస్తే ఏం దొరకకపోయేది.
రాత్రి పది కొట్టినంక టార్చిలైట్లతోని వచ్చేటోళ్లు,
వేలు కొసన సూది, గాజుబిళ్ల మీద చుక్క.
నేను వడ్ల గుమ్మిల దాక్కున్న.
అది చీకటిని నమ్మిన పురుగు,
ఇది ఎండను నమ్మింది.
రెండూ అడ్వాన్సు కట్టకుంటనే
మనిషి ఒంట్ల కిరాయికి దిగినయి.

క్యాంపుల మరుగుదొడ్డి గోడకు
ఒక రంగుల పట్టీ అంటించి ఉంటది,
లేత గడ్డి రంగు నుంచి చాయ్ డికాషన్ దాక.
నీది ఏ గడిలున్నదో చూసుకో, నీళ్లు తాగు అని
అయిదు భాషల్ల. తెలుగుల రెండు తప్పులు.
ఆ పట్టీల ఎరుపు గడి లేదు.

కొండ మీద ఒంటెలు కాసే అబ్బకర్ వచ్చిండు.
సూడాన్ల జజీరా కాల్వ పక్క ఊరాయనది.
సీసాల చూస్తే తేటగనే ఉన్నది.
పుల్ల ముంచిన.
నెత్తురు తగిలితే ఆ పుల్ల ఎర్రబడదు,
పచ్చబడుతది, వరినారు లెక్క.
ఏడేండ్ల సంది చూస్తున్న, ఇంక అలవాటు గాలేదు.

ఎల్సమ్మ సిస్టరు సిరంజిల నింపి
షర్టు గుండీ అంత జల్లెడల నుంచి వత్తింది,
మైక్రోస్కోపు కాడ జరిగి నన్ను చూడమన్నది.
వడ్లగింజ అసుంటిది, ఒక కొసకు ముల్లు.
ఆమె లెక్కపెట్టింది, నలభై రెండు.

అరబ్బీ సగం, హిందీ సగం కలిపి అబ్బకర్ చెప్పిండు:
"మా ఊర్ల పోరగాండ్లందరికీ ఎర్రగనే వచ్చేది.
రానోన్ని ఎక్కిరించేటోళ్లం,
నువ్వింక మొగోనివి కాలేదురా అని."
నేను నవ్విన.
నవ్వు సగంల ఆగింది.

"వీసా కొట్టేస్తరా?"
"ఇది ఆ రోగం కాదు," అన్నది సిస్టరు.
బరువు అరవై. గోలీలు నాలుగు.
చేదుకు మొఖం ముడిచి మింగిండు.

మింగి కూడ పోలేదు.
గోలీలు అడుగుతడనుకున్న. పుల్లలడిగిండు.
"శుక్రవారం మావాడొకడు ఊరికి పోతుండు.
మా తమ్మునికి ఏడుగురు.
ఆ కాల్వలనే ఈదుతరు, ఆ కాల్వలనే గిన్నెలు తోముతరు.
పోరలు చెప్తరు. ఆడపిల్లలు చెప్పరు."

డబ్బాకు వంద పుల్లలు, లెక్కకు రిజిస్టరు.
బయట ఖరీఫ్ తుంపర.
మూడు నెలలు ఇక్కడ గోడలే చెమటలు పోస్తయి,
ఎండ మొఖం కానరాదు,
పురుగుకు మాత్రం పన్నెండైందని తెలుస్తది.
తేమ తగిలితే పుల్లలు పనికిరావని
డబ్బా మీదనే రాసి ఉన్నది.

పొడి సీసాల పన్నెండు వేసి మూత బిగించిన.
"ఏడుగురికి ఏడు. అయిదు పక్కింటోళ్లకు," అన్నడు.
పచ్చబడితే ఏం చెయ్యాలె?
దవాఖానకు తీస్కపోవాలె.
అదెంత దూరమని నేనడిగితే
చెయ్యి చాపిండు గని, చెయ్యి యాడ ఆపాల్నో తెల్వలే.

సాయంత్రం రిజిస్టర్ల రాసిన:
తడిసి పాడైనవి, పన్నెండు.
ఎల్సమ్మ సిస్టరు చదివింది.
"కిటికీ మూసి ఉంచాల్సింది," అన్నది.

కిటికీ మూసే ఉన్నది.